ఆమేం జెప్పింది, మరిదీ?

మా వదిన పోయిందని సూర్యాపేట బస్టాండులో చాయ్ తాగుతుంటే ఫోన్ వచ్చింది. చాయ్ పూర్తిగా తాగాకే నేరేడుచర్ల బస్సెక్కాను. ఆమె మీద నాకున్న కోపం పదేళ్లది. ఒక్క ఫోనుతో దిగేది కాదు.

సమాధి దగ్గరికి కోదాడ నుంచి నాయకులొచ్చారు. ఫ్లెక్సీలో ఆమె ఫోటో కంటే వాళ్ల ఫోటోలే పెద్దవి. నోట్లో సోంపు. ఆ సోంపు వెనక ఏముందో నాకు తెలుసు, ఆ విద్యలో వాళ్లకు నేను సీనియర్ని. ఒకాయన మైకు పట్టుకుని "అమ్మ చూపిన న్యాయమే మా బాట" అన్నాడు. ఆ మాట అనేంతసేపూ పక్కవాడు ఆయన నడుం పట్టుకుని నిలబెట్టాడు. ఆమె బతికుంటే మైకు గుంజుకునేది. ఇక ఆమె సంగతి నేనే రాయాల్సి వచ్చింది, ఇష్టమై కాదు.

వదిన మా చర్చిలో ఆడవాళ్లకు వాక్యం చెప్పేది. ప్రార్థన చిన్నది, తిట్టు పెద్దది. ఉప్మాలో కరివేపాకు ఏరేసేవాళ్లకు కూడా ఆమె దగ్గర క్షమాపణ లేదు. ఊళ్లో పంచాయితీ అయితే పిలవకున్నా వచ్చి నిలబడేది. పెద్దమనుషులు తీర్పు చెప్పబోతుంటే "ఇద్దరు జెప్పింది మళ్ల జెప్పుండ్రి" అనేది.

అప్పట్లో నేనూ ఒక పెద్దమనిషినే. ఒక మిల్లు ఆసామి, కూలికి పోయే ఒకామె ఇంటిదారికి అడ్డంగా గోడ కట్టాడు. మనిషి పక్కకు తిరిగి దూరేంత సందు వదిలాడు. పంచాయితీ రోజు పొద్దున్నే మాకు అతనింట్లో కోడికూర, సీసా. ఆ కూర మీద ఒక పేజీ రాయగలను గానీ, వద్దు. చర్చి ముందు రేకుల పందిట్లో ఇద్దరి మాటా విని, "గోడ ఉంటది" అన్నాను.

"ఆసామి ఏం జెప్పిండు, మరిదీ?"

గోడ కొలతలతో సహా గడగడా చెప్పాను.

"ఆమేం జెప్పింది?"

ఆమె ఏడ్చింది, అది గుర్తుంది. ఎందుకో గుర్తు లేదు.

"తాగి ఇంట్ల పంటె నీ పాపం నీకే. తాగి తీర్పు జెప్తె అది ఆమె నెత్తిన పడ్తది. పేదోళ్ల మాట వినమని దేవుడు చెవులిస్తె, వాటిల మందు పోసుకున్నవ్. పో, రేపు పరగడుపున రా."

"ఆడదానివి, నీకెందుకే?"

"ఆడదాన్నే. వాసనొస్తున్నది, జర దూరం నిలబడు."

ఊరంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అరగలేదు.

మర్నాడు విన్నాను. "అయ్యా, మా అత్తకు ఊపిరి ఆడ్తలేదు. లేపి కూసోబెడితె ఇంకింత ఆగుతున్నది. మంచం మీదనే తీస్కపోదామంటె ఆ సందుల పడ్తలేదు. నిన్న గూడ ఇదే జెప్పిన" అంది ఆ కూలామె.

నిన్న కూడా. నా మత్తుకు ఆ ముసలామె ఒక రోజంతా ఊపిరి కోసం కొట్టుకుంది.

"గోడ తియ్యాలె" అన్నాను. ఆసామి లేచాడు. "నిన్న నా సీసా ఖతం జేసినవ్, ఇయ్యాల నా గోడ ఖతం జేస్తవా? సిగ్గు లేదా?"

లేకనే గదా నిన్న తాగింది.

ఆ తర్వాత ఏ పంచాయితీకీ తాగి కూర్చోలేదు. వదినకు మాత్రం చెప్పలేదు. చెబితే "అది గూడ గొప్పేనా?" అనేది. ఆమెతో మాటలే మానేశాను. అది నా చిన్నబుద్ధి, ఇప్పుడు రాసినంత మాత్రాన పెద్దదైపోదు.

గోడ ఆ మధ్యాహ్నమే పడింది. మిర్యాలగూడ దవాఖానకు ఆటో మాట్లాడి రోడ్డు మీద ఆపారు. దుమ్ము ఇంకా అణగనేలేదు, నలుగురం మంచం ఎత్తాం. కొంగు నడుముకు చుట్టుకుని ముందు కోడు మా వదిన పట్టింది, వెనక కోడు నేను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ముసలామె చెయ్యి ఒకటి మంచం పక్కకు జారి ఊగుతూ ఉంది. గోడ ఉన్న చోట కూడా దేనికీ తగల్లేదు.