మామగారి చెక్కచేపలకు రంగులు

మా మామగారు పోయారని తంతి వచ్చేటప్పటికి నేను పురిటి మంచం మీద ఉన్నాను. బిడ్డ పుట్టి ఆరో రోజు. మా ఆయన ఆ కాగితం చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను గట్టిగా అడిగితే అప్పుడు చెప్పారు. పచ్చి బాలింతను రైలెక్కనివ్వరు కదా. ఆయనొక్కరే వాల్తేరు నుంచి బరంపురం వెళ్లి కర్మ చేసి వచ్చారు. మామగారిని కడసారి చూసుకోలేకపోయానన్న బాధ నాకు పోలేదు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ పత్రికలో నేను వేసే ముగ్గులూ, కుట్టుపని నమూనాలూ బాగున్నాయని ఉత్తరాలు రాసే అక్కచెల్లెళ్లు కొందరున్నారు. ఆ మెప్పు నాది కాదు. నాకు కుంచె పట్టుకోవడం నేర్పింది మా మామగారు. అదీ కాగితం మీద కాదు, చేపల మీద. ఆడవాళ్ల పత్రికలో చేపల గొడవేమిటని విసుక్కోకుండా చదవండి.

ఆయన బరంపురంలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ కలిసి చదివే బడి. వారంలో ఆరు రోజులు బడి, ఏడో రోజు ఏరు. ఆదివారం తెల్లవారగానే రైలెక్కి, దిగాక బండి కట్టించుకుని పొడంపేట దాకా పోయి, ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గెడ పట్టుకుని నిలబడేవారు. పండుగప్ప చేప కోసం. వానపాము గుచ్చి గాలం వేసే రకం కాదాయన. చెక్కతో చేసిన చేపను దారానికి కట్టి నీళ్లలోకి విసిరి లాగేవారు. ఈ పిచ్చి ఆయనకు అంటించినవాడు గోపాలపురానికి సముద్రపు గాలి కోసం వచ్చిన ఒక దొర. తన సీమ చెక్కచేపకు రంగు ఊడిపోతే, వేయించుకుందామని డ్రాయింగు మాస్టారికి కబురు పెట్టాడట. ఈయన రంగు వేసి ఇచ్చేసి, ఇంటికి వచ్చి, మర్నాడే ఒక బూరుగు చెక్క ముక్క పుచ్చుకుని కూర్చున్నారట.

బెత్తెడు చెక్క. పొట్ట కింద రెండు గాలాలు. గడ్డం కింద కిరసనాయిలు డబ్బా నుంచి కోసిన రేకు ముక్క, బయటపెట్టిన నాలుకలాగ. ఆ రేకు ఉండబట్టే, లాగినప్పుడు చేప అడుగుకు దిగి, ఒళ్లంతా ఊపుకుంటూ ఈదుతుంది. కళ్లకు గురివింద గింజలు. ఒంటికి రంగు, రంగు మీద వార్నీషు. మా అత్తగారు ఆ చేపల వంక కన్నెత్తి చూసేది కాదు. "కోడలికి కాటుక్కాయ తెమ్మంటే మర్సిపోతారు. కర్రముక్కలకి మాత్రం కళ్లు పెడతారు" అని వంటింట్లోంచి వినపడేలా అనేది.

పొడంపేటలో పడవవాడు ఒకడుండేవాడు, మన తెలుగువాడే. మొదటిసారి ఈయన చెక్కచేపను చూసి, "బాబూ, కర్రముక్కకి సేప పడితే మా వలలెందుకు, అటకెక్కించీమా?" అన్నాడట. ఏడాది తిరక్కుండా వాడే చెవి దగ్గరికి వచ్చి, "మాస్టారు బాబూ, నాకూ ఓటి సేసి ఈయండి. మా ఊరోలకి సెప్పకండేం" అన్నాడట. ఈ మాట తలుచుకుని మామగారు అన్నం దగ్గర ఒక్కరే నవ్వుకునేవారు.

నాది ఇచ్ఛాపురం. కాపురానికి వచ్చిన కొత్తలో మామగారి ఎదటపడటం లేదు, మాట్లాడటం లేదు. తలుపు చాటున నిలబడటమే. ఏదైనా చెప్పాలంటే అత్తగారితో చెప్పాలి. ఆవిడ లేకపోతే వసారా స్తంభంతో చెబుతున్నట్టు చెప్పాలి, ఆయన విననట్టు వినాలి. మొదటి ఏడాది ఆ ఇంట్లో నాతో ఎక్కువ ఊసులాడింది ఆ స్తంభమే.

ఆ రోజుల్లోనే నేనొక తెలివితక్కువ పని చేశాను. మామగారి రంగులన్నీ పాత మందు సీసాల్లో ఉండేవి. ముదురు గోధుమ రంగు గాజు, లోపల ఏముందో పైకి తెలియదు. ఒక్కో సీసా మీద రంగు పేరు రాసిన చీటీ అంటించి ఉండేది. అవి జిడ్డు పట్టి ఉన్నాయని, కొత్తకోడలి ఉత్సాహం కొద్దీ, ఒక శుక్రవారం అన్నిటినీ కుంకుడు రసంతో కడిగాను. చీటీలు ఊడి వచ్చేశాయి. సీసాలను ఎండలో పెట్టి, చీటీలు కూడా ఆరబెట్టి, ఏ వరసలో తీశానో అదే వరసనుకుని గంజితో మళ్లీ అంటించేశాను.

మర్నాడు మామగారు వసారాలో కూర్చుని ఒక చేపకు రంగు వేశారు. వేసి, గోడమీద ఆరబెట్టి, "పచ్చది తయారైపోనాది" అని అత్తగారితో అన్నారు. నేను తలుపు సందులోంచి చూశాను. అది ఇటుక ముక్కంత ఎర్రగా ఉంది. మాట తడబడ్డారేమో అనుకున్నాను. కోడలు మామగారిని దిద్దుతుందా.

ఆదివారం వానగా ఉన్నా వెళ్లారు. సాయంత్రం మూరెడు పైన పండుగప్పతో వచ్చారు. ఆ పొంగు చూడాలి. "పచ్చదానికి పడినాది. బురద నీట్లో పచ్చది ఇంతలా పని సేస్తాదని నాకు తెల్దు" అని, తన చేపల పుస్తకంలో రాసుకున్నారు కూడా. నాకు అప్పుడు చీటీల మీద అనుమానం వచ్చింది. వెళ్లి సీసాల మూతలు తీసి చూశాను. ఎరుపు చీటీ పచ్చ సీసాకూ, పచ్చ చీటీ ఎరుపు సీసాకూ అంటించాను. అది నా తప్పు, సరే. కళ్లున్న మనిషి ఎవరైనా కుంచె ముంచగానే తెలుసుకుంటాడు. ఈయన ముంచారు, చేపంతా పూశారు, రోజంతా నీళ్లలో లాగారు, తెలుసుకోలేదు. డ్రాయింగు మాస్టారికి ఎరుపూ పచ్చా తేడా తెలియదు.

సోమవారం బళ్లోకి ఇనస్పెక్టరు వస్తున్నాడు. మాస్టారు అందరి ఎదటా రంగు బొమ్మ వేసి చూపించాలి. ఆ సీసాలే పట్టుకెళ్తారు. మా ఆయనకు అప్పటికి ఉద్యోగం లేదు, ఇల్లంతా నడిచేది మామగారి జీతం మీద. చీటీలు గుట్టుగా మార్చేసి ఊరుకుందామని లేచాను. అప్పటికే సీసాలు బడికి పట్టుకెళ్లే పెట్టెలోకి చేరి, దానికి తాళం పడిపోయింది. తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది.

పొద్దున్న అత్తగారు పాలకు వెళ్లింది. మా ఆయన స్నానానికి నూతి దగ్గరికి వెళ్లారు. మామగారు తలపాగా చుట్టుకుని పెట్టె పట్టుకున్నారు. స్తంభంతో చెప్పి ఊరుకునే మాట కాదిది. గడప దాటి వచ్చి ఆయన ఎదట నిలబడ్డాను.

"మాంగారండీ, సీసాలు కడిగి సీటీలు నాను తప్పు అంటించినానండి. పచ్చ అని రాసున్నది ఎరుపండి."

ఆయన పెట్టె కింద పెట్టారు.

"ఎప్పుణ్ణించి ఎరుగుదువమ్మా?"

"నిన్న సాయంత్రం నించండి."

"ఎవులికైనా సెప్పినావా?"

"లేదండి."

"సెప్పకు." తాళం తీసి, పెట్టె నా వైపు తోశారు. "సరిగ్గా అంటించీయమ్మా. సిన్నప్పుణ్ణించీ ఇంతే. ఎరుపూ పచ్చా నాకు ఒక్కలాగే ఉంటాయి. ముదురూ లేతా మాత్రం నాకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఎవులికీ తెల్దు."

ఒక్కో సీసా మూత తీసి రంగు చూసుకుని, చీటీలు మార్చి అంటించాను. అయ్యేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు.

ఇనస్పెక్టరు జామచెట్టు మీద చిలకను వేయమన్నాడట. చిలక పచ్చగా, ముక్కు ఎర్రగా వచ్చింది. "రంగులమీద మంచి పట్టు" అని పుస్తకంలో రాసి వెళ్లాడు. సాయంత్రం మామగారు ఇంటికి వచ్చి, తన కుంచె ఒకటి తెచ్చి గడప మీద పెట్టి, "ఇకనించి సేపలకి నువ్వెయ్యి" అన్నారు. కోడలు మామగారి గుట్టు పట్టుకుంటే ఏ ఇంట్లోనైనా ఆ పిల్లకు కష్టకాలమే. నాకు కుంచె దొరికింది. ఇన్నేళ్లైనా ఆ మంచితనాన్ని తలుచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి.

చీటీలను నేను ఇక నమ్మలేదు. సీసాల మెడలకు దారాలు కట్టి, ఎరుపుకు ఒక ముడి, పచ్చకు రెండు ముళ్లు వేశాను. బళ్లో ఎవరైనా అడిగితే దిష్టికి అని చెప్పమన్నాను. అలాగే చెప్పారట, అందరూ నమ్మారట.

శనివారం మధ్యాహ్నాలు గడపకు అటు ఆయన, ఇటు నేను. ఆయన చేప చెక్కుతూ నీళ్ల సంగతి చెప్పేవారు. రంగు నేను ఎంచాలి. మొదట్లో నా గొప్ప చూపించుకుందామని అయిదు రంగులతో, పొలుసు పొలుసుకీ గీత గీసి ఒకటి తయారుచేశాను. ఆదివారం దాన్నే పట్టుకెళ్లారు. ఉత్త చేతులతో వచ్చి, "నీ సేపని సూడ్డానికి ఏట్లో సేపలన్నీ వచ్చినాయమ్మా. ఒక్కటీ నోరు తెరవలేదు" అన్నారు. నేను చిన్నబుచ్చుకున్నానని తెలిసి, "సేపకి అందం అక్కర్లేదు. అనుమానం రాకపోతే సాలు" అన్నారు. ఇప్పటికీ ఏదైనా నమూనా గీసి, ఇంకా ఏదో చేర్చాలని చెయ్యి లాగినప్పుడు ఆ మాటే నన్ను ఆపుతుంది.

మెల్లగా తెలిసింది. వానొచ్చి ఏరు బురదగా పారినప్పుడు ముదురు రంగు ఉండాలి. ఆ బురదలో ఎర్రది నల్లగా, గుర్తుగా కనపడుతుంది. పండుగప్ప పడింది అందుకే. ఎండ కాసి నీళ్లు తేటగా ఉన్నప్పుడు పొట్టకు మెరిసే కాకిబేగడ అంటించి, వీపు మీద లేతరంగు ఒక్క చెయ్యి వేస్తే చాలు. మబ్బూ ఎండా కలిసిన రోజున పసుపు మీద నల్ల చారలు. అన్నిటికంటే ఆయనకు ఇష్టం ఆ చారలదే. ఎందుకండీ అని అడిగితే, "నాకూ సేపకీ ఒక్కలాగ కనపడేది ఇదొక్కటే" అన్నారు. నాకు ఎర్రది ఇష్టం. నా తప్పుకు పడిన చేప కదా. అయితే ఏది కట్టినా ముందు పెరట్లో నీళ్ల గోలెంలో వేసి లాగి చూసేవారు. సరిగ్గా ఊగకపోతే, ఎంత బాగా రంగు వేసినా, రేకు వంచి మళ్లీ మొదలు. "ముందు నడక, తరవాత రంగు" అనేవారు. బడి పిల్లలకూ అదే చెప్పేవారట.

ఉద్యోగం విరమించిన రోజున బళ్లో దండ వేశారు. ఇంటికి వచ్చి దండను గడపకు ఇవతల, నా వైపు పెట్టారు. అత్తగారు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆయన రంగుల సంగతి ఆవిడకు తెలియదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మొన్న మా ఆయన వచ్చి చెప్పారు. పదో రోజున బొట్టు తీసేటప్పుడు, "ఇది ఏ రంగో ఆయనకి ఏనాడూ తెల్దు. ముదురుగా ఏటో ఉంటాదని తెలుసు" అందట. అంటే ఆవిడా ఎవరితోనూ అనకుండా ఊరుకుందన్నమాట. ఇప్పుడిక పోయే ఉద్యోగం లేదు. అందుకే రాస్తున్నాను.

నేను ఆయన్ని ఆఖరుసారి చూసింది పోయిన వేసవిలో. నెల్లాళ్లుండి వాల్తేరుకు తిరిగి వస్తున్నాం. బయల్దేరే ముందు నాకు పట్టుచీర పెట్టారు. తనే అంగడికి వెళ్లి తెచ్చారట. అదే కట్టుకుని రైలెక్కాను. మా ఆయన సామాను సర్దుతున్నారు. మామగారు కిటికీ దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఒకటి అడుగుతాను. ఆ సీర ఏ రంగు?"

"మీరు తెచ్చిందే కదండీ."

"తెచ్చినాను. అంగడివోడిని అడగలేను గదా. ముదురుగా ఉన్నాది, నీకు బాగుంటాదనుకున్నాను."

నెమలికంఠం రంగు అంటే ఆయనకు ఏం తెలుస్తుంది.

"పొద్దెక్కాక మొగ దగ్గర, లోతు మొదలయ్యే చోట నీళ్లుంటాయి కదండీ. అదండి. అంచు తెల్ల జరీ."

ఆయన తల ఊపారు. చేపలకు తప్ప దేనికీ రంగు అడగని మనిషి, నా చీర వంక అలా చూస్తూనే ఉన్నారు. "బాగున్నాదమ్మా" అన్నారు.

బండి కదిలింది. నాకు ఏం తోచిందో, కొంగు చివర పట్టుకుని కిటికీలోంచి బయటికి చాచాను. గాలికి అది తెరుచుకుంది. ఎండ పడి జరీ అంచు మెరిసింది. ప్లాట్‌ఫారం మీద ఆయన చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. మనిషి చుక్కంత అయిపోయేదాకా నేను కొంగు లోపలికి తీసుకోలేదు.