రెండో గేరులో కరకట్ట

మా ఆడపడుచు వాళ్ల ఊరు కృష్ణ కరకట్టకు దిగువన ఉంటుంది. రోడ్డేమో కట్ట మీద ఉంటుంది. అవనిగడ్డ వెళ్లాలన్నా, పెళ్లికెళ్లాలన్నా, మందుబిళ్ల తెచ్చుకోవాలన్నా ముందు ఆ కట్ట ఎక్కాలి. దివిసీమ వాళ్లకు అదొక ఎత్తే కాదు. కానీ మా కృష్ణా డెల్టాలో మిగతా నేలంతా చాప పరిచినట్టుంటుంది కాబట్టి, కారుకి దమ్ముందో లేదో ఇంకెక్కడా బయటపడదు. మచిలీపట్నం నుంచి గుడివాడకు తొమ్మిదేళ్లు తిప్పినా నాకు తెలియని సంగతి ఆ కాస్త ఏటవాలు మీద ఊరందరి ముందూ తెలిసింది.

ఆ రోజు చల్లపల్లిలో పెళ్లి. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన మా ఆయన, వెనక సీట్లో మా ఆడపడుచు, ఆవిడ భర్త. ఏసీ వేసి ఉంది. టీ కొట్టు దగ్గర మలుపు తిరగ్గానే ఏటవాలు మొదలవుతుంది, ఊపందుకోవడానికి చోటుండదు. మొదటి గేరులో సగం దాకా వెళ్లిన కారు వణికి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేశాను. మళ్లీ ఆగింది. మూడోసారి వెనక్కి జారింది.

"దిగండి, అందరూ దిగండి," అన్నారు మా ఆయన, అదేదో మునిగిపోయే పడవైనట్టు.

మా ఆడపడుచు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగింది. టీ కొట్టు దగ్గరున్న జనం గ్లాసులు బల్ల మీద పెట్టి వచ్చి నెట్టారు. వాళ్లలో ఒకాయన నా కిటికీ దగ్గర వంగి, "మేడం గారూ, దీని బదులు తోపుడు బండి కొనుక్కుంటే పోయేది కదండీ, పెట్రోలైనా మిగిలేది," అన్నాడు.

"కొంటానండీ. రోజూ నెట్టడానికి మీరొస్తానంటే ఇవాళే కొంటాను," అన్నాను.

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేదు. పెళ్లిలో భోజనాల బంతిలో మా ఆయన ఆ కథను సాంబారు నుంచి మజ్జిగ దాకా సాగదీసి చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు తీర్పు కూడా చెప్పేశారు.

"అమ్మేద్దాం. దానికి వయసైపోయింది. నీకు రైలుంది కదా, బందర్లో ఎక్కితే గుడివాడలో దిగడమేగా."

నేను గుడివాడలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. రైలుతో నాకు పేచీ లేదు. కానీ పెడన, గుడ్లవల్లేరు మీదుగా కారులో ఒంటరిగా వెళ్లే ఆ గంటసేపు నన్ను వదినా అనేవాళ్లుండరు, మేడం అనేవాళ్లుండరు, ఏమే అనేవాళ్లు అసలుండరు. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, నా జీతంతో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న చిన్న కారది. "తర్వాత మంచిది కొందాంలే" అంటారని నాకు తెలుసు. ఇది గుమ్మం దాటాక "ఇప్పుడెందుకులే" అంటారనీ తెలుసు. ఇరవై ఆరేళ్లుగా ఆ మనిషి వాక్యాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చూస్తూనే ఉన్నాను.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. బోనెట్ ఎత్తి, ఇంజన్ శబ్దం ఒక్క నిమిషం విని పెదవి విరిచాడు.

"ఇంజనైపోయింది మేడం గారూ. దింపాలి. అంత పెట్టే బదులు ఎవరికన్నా ఇచ్చేయండి. మా బావమరిది అడుగుతున్నాడు కూడా."

"అయిపోయిన ఇంజన్ మీద మీ బావమరిదికి అంత ప్రేమేంటండీ?"

ఆయన చేతిలోని పానా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. 

ఇంటికొచ్చి మా ఆయనతో పందెం వేశాను. మూడు వారాల్లో అవనిగడ్డలో బంధువుల గృహప్రవేశం ఉంది. అదే నలుగురు, అదే కట్ట, ఏసీ వేసి, మధ్యలో ఆగకుండా, ఎవరూ దిగకుండా ఎక్కిస్తాను. ఎక్కకపోతే తాళాలు ఆయన చేతిలో పెడతాను. ఎక్కితే అమ్మకం మాట మా ఇంట్లో వినపడకూడదు.

"ఏసీ వేసే?" అన్నారాయన.

"వేసే."

"సరే అయితే." ఆయన ఎంత సంతోషంగా ఒప్పుకున్నారంటే, నాకు ఒళ్లు మండిపోయింది.

ముందుగా నాకు కావలసింది కొలత. ఇంట్లో ఎవరి మాటా నమ్మను, నా మాటతో సహా. పెడన దాటాక ఖాళీగా ఉండే తిన్నని రోడ్డు మీద ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి పెట్టుకుని, మూడో గేరులో యాక్సిలరేటర్ అదిమి, ముల్లు నలభై మీదికి రాగానే "నలభై" అని, డెబ్బై తాకగానే "డెబ్బై" అని గట్టిగా అనేదాన్ని. ఇంటికొచ్చి రికార్డింగ్ వింటే మధ్యలో ఎన్ని సెకన్లు పట్టిందో తెలుస్తుంది. మొదటిసారి ఇరవై రెండు వచ్చింది. ఆ ఇరవై రెండు సెకన్లలో నా గొంతు తర్వాత వినిపించిందల్లా వెనక నుంచి ఓ పాల వ్యాను హారన్, నన్ను దాటిపోతూ.

ముందు బరువు సంగతి చూశాను. మన వైపు కారు కొన్నవాళ్లు చేసే మొదటి పని దానికి నగలు పెట్టడం. ముందొక ఇనప గార్డు, వెనకొక ఇనప గార్డు, పైన క్యారియర్, వెనక సీటు వెనకాల హాస్టల్లో ఇంటర్ కుర్రాళ్ల ట్రంకు పెట్టెంత స్పీకర్ పెట్టె. ఇవన్నీ మా ఆయన ముచ్చటపడి పెట్టించినవే. నట్లు తుప్పుపట్టి ఉన్నాయి. నూనె పోసి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే పానాకు పైపు తొడిగి విప్పాను. డిక్కీలో అరబస్తా బియ్యం, ముదినేపల్లిలో మా చేపల చెరువుకి వేసే మేత రెండు సంచులు, ఎవరిదో తెలియని రోకలి. అన్నీ దింపాను.

"గార్డు లేకుండా ఎవడినైనా గుద్దితే?" అన్నారాయన వరండాలోంచి.

"ఈ స్పీడులో మనం ఎవడినైనా గుద్దాలంటే వాడు కావాలని ఆగాలి," అన్నాను.

తర్వాత చక్రాలు. మా వీధి చివర పంక్చర్ షాపాయన టైరును కాలితో తన్ని "సరిపోద్దండి" అంటాడు. డోరు దగ్గర అతికించిన కాగితం మీద ఎంత గాలి ఉండాలో కంపెనీవాళ్లు రాసే ఉంచారు. నాలుగింటిలోనూ అందులో సగానికి కాస్త పైన ఉంది. చిన్న గాలిపంపు కొని నేనే కొట్టుకున్నాను. చక్రాల వెనక ఇటుకలు పెట్టి, జాకీ ఎత్తి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూశాను. ముందు ఎడమది కదల్లేదు. మంగినపూడి బీచికి వెళ్లినప్పుడల్లా తడి ఇసుక దాకా కారు దింపేవాళ్లం. ఆ ఉప్పు బ్రేకులోకి పోయి తుప్పుపట్టి అది బిగుసుకుంది. అంటే ఇన్నాళ్లూ ఒక బ్రేకు సగం తొక్కిపెట్టి నడుపుతున్నానన్న మాట. వీడియో చూస్తూ విప్పి, శుభ్రం చేసి, దానికి వేయాల్సిన గ్రీజే వేశాను. తర్వాత మెకానిక్‌కి చూపించి సరిగా ఉందనిపించుకున్నాను. పంతం పంతమే గానీ, బ్రేకు దగ్గర పంతం పనికిరాదు.

రికార్డర్‌లో పద్దెనిమిది వచ్చింది.

ఇక్కడొక తప్పు ఒప్పుకోవాలి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెడితే కారు బలం పెరుగుతుందని ఆన్‌లైన్లో అమ్మే ఒక చిన్న డబ్బా తెప్పించాను. పాతికేళ్లుగా పిల్లలకు శక్తి నిత్యత్వ నియమం చెబుతున్న మనిషిని. పెట్టగానే అందులో నీలం లైటు వెలిగింది. రికార్డర్‌లో మళ్లీ అదే పద్దెనిమిది. లైటు మాత్రం బాగుంది. ఇప్పుడది మా దేవుడి గూట్లో ఉంది.

కొత్త స్పార్క్ ప్లగ్గులు వేశాను. ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో మసిని స్ప్రే కొట్టి కడిగాను. కడిగి మళ్లీ వాడుకునే ఎయిర్ ఫిల్టర్ ఒకటి, అందరూ మహా గొప్పదని పొగిడేది, కొని బిగించాను. పదిహేడు. అక్కడ ఆగిపోయింది. వారం రోజులే ఉంది. వేగం అరవై దాటగానే ఎవరో పీక పట్టుకున్నట్టు అదే నీరసం.

"ఏమంటుంది నీ ఇంజన్?" అని రోజూ సాయంత్రం అడిగేవారు మా ఆయన, మహా ప్రేమగా.

గురువారం కాలేజీకి సెలవు. బోనెట్ ఎత్తి, ఫిల్టర్ డబ్బా మూత తీసి, ఫిల్టర్ కూడా బయటపెట్టి ఒక్క క్షణం రేజ్ చేశాను. ఇంజన్ గర్జించింది. ఫిల్టర్ పెట్టి, మూత తీసే ఉంచి చేశాను. మళ్లీ గర్జించింది. మూత పెట్టాను. మూలిగింది. అంటే దోషం ఇంజన్‌ది కాదు, ఫిల్టర్‌దీ కాదు. డబ్బాలోకి గాలి వచ్చే గొట్టానిది. ఆ గొట్టం హెడ్‌లైటు వెనక్కి పోయి కిందికి వంగుతుంది. కనపడదు. చెయ్యి దూర్చి తడిమితే గొట్టం మూతి దగ్గర మెత్తగా, అట్టలాగా ఏదో తగిలింది. మోచేయి గీసుకుపోయినా లాగాను.

వల. చేపపిల్లల్ని పట్టే సన్న కన్ను వల, రెండు మడతలేసి, అల్యూమినియం తీగతో కట్టి ఉంది. రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తాలూకు దుమ్ము, ఊక, చెరువుగట్ల మట్టి, వానాకాలం చెమ్మ అన్నీ కలిసి దాన్ని పిడకలా చేశాయి. ఆ తీగ ముడి నాకు బాగా తెలుసు. ముదినేపల్లి చెరువుకి మా ఆయన కట్టిన కంచె నిండా అదే ముడి ఉంటుంది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం మా పోర్టికోలో బియ్యం బస్తాల పక్కన నిలబెట్టిన ఈ కారులోకి ఎలుకలు దూరి, ఫిల్టర్ డబ్బా నిండా బియ్యం గింజలు దాచుకున్నాయి. ఆ ఆదివారం మా ఆయన లుంగీ ఎగ్గట్టి గంటసేపు బోనెట్ కింద గడిపి, "ఇంక రావులే, నేను చూసుకున్నాను," అన్నారు. నిజంగానే ఎలుకలు రాలేదు. గాలి కూడా రాలేదు. రెండేళ్లు కారు పీక బిగించిన మనిషి, దానికి వయసైపోయిందని పెళ్లిలో బంతిలో కూర్చుని నవ్వించారు.

వల పట్టుకుని హాల్లోకి రెండడుగులు వేసి ఆగిపోయాను. ఆయన పేపరు చదువుకుంటున్నారు. ఇప్పుడు చూపిస్తే ఏమంటారో నాకు తెలుసు. "ఓస్ అదా, అయితే పందేనికి అర్థమే లేదుగా," అంటారు. నాకు కావలసింది ఆయన నాలిక కరుచుకోవడం కాదు, కారు కట్ట ఎక్కడం. చేతికందిన ఆయుధాన్ని అప్పటికప్పుడు వాడకుండా ఉండటం నా సంసారంలో అదే మొదటిసారి. వలను కడగలేదు. అలాగే డ్యాష్‌బోర్డు అరలో పెట్టి, గొట్టం మూతికి ఎలుక దూరనంత, గాలి ఆడేంత కన్నున్న ఇనప జాలీ కట్టాను. శుక్రవారం రికార్డర్‌లో పన్నెండు వచ్చింది. నా గొంతు "నలభై" అని తీరుబడిగానే అంది, "డెబ్బై" అన్నప్పుడు కొంచెం కేకేసినట్టుంది.

ఆదివారం అదే నలుగురం. మా ఆడపడుచు ఈసారి నేతచీర కట్టుకుంది.

"ముందు జాగ్రత్తా అమ్మాయ్?" అన్నాను.

"అబ్బే, ఉక్కగా ఉందని వదినా," అంది, చెప్పులు కూడా పాతవే వేసుకుని.

ఏసీ అందుకునేలోగా నలుగురి ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది. గుడ్డ కోసం మా ఆయన డ్యాష్‌బోర్డు అర తెరిచారు. వల బయటికి తీశారు. వేళ్లతో ముడి తడిమారు. నేను రోడ్డు వైపే చూస్తున్నాను. ఆయన దాన్ని నెమ్మదిగా లోపల పెట్టి అర మూసేశారు. అద్దాన్ని తన జేబురుమాలుతో తుడిచారు.

టీ కొట్టు మలుపు కనిపించింది. అక్కడి జనం మా కారును గుర్తుపట్టారు. తోపుడు బండి మాటన్న పెద్దమనిషి అప్పుడే చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు. అంతలో మా ఆయన చెయ్యి ఏసీ మీట మీదికి వచ్చింది. ఏసీ కట్టేస్తే చిన్న ఇంజన్‌కి ఎంత తేలికవుతుందో ఆయనకీ తెలుసు. ఇన్నేళ్లలో ఆయన నోటివెంట రాని క్షమాపణ ఆ రెండు వేళ్లలో వచ్చింది. చూశాను. అయినా చేతి మీద ఒక్కటేశాను.

"కట్టేయకండి. పందెం పందెమే."

మొదటి గేరు. కారు ముక్కు పైకి లేచింది. పోయినసారి ఆగిన చోటు దాటింది. ఇంకా బలం మిగిలే ఉందని కాలికింద తెలుస్తోంది. అక్కడితో ఊరుకోవచ్చు. నాకు ఊరుకోవడం రాదు. రెండో గేరు వేశాను. "వదినా వద్దు!" అని వెనకనుంచి కేక. ఒక్క క్షణం తగ్గినట్టే తగ్గి, కారు అందుకుని, నలుగురినీ ఏసీతో సహా కట్ట మీదికి తెచ్చి నిలబెట్టింది. కింద ఆ పెద్దమనిషి ఖాళీ చేతులు దులుపుకుంటున్నాడు. కిటికీలోంచి చెయ్యూపాను.

"ఏం వేయించారు చెల్లెమ్మా, కొత్త ఇంజనా?" అన్నారు వెనక నుంచి మా ఆడపడుచు భర్త.

"వేసింది పెద్దగా లేదన్నయ్యగారూ. అన్నీ తీసినవే."

మా ఆయన కృష్ణ వైపు చూస్తూ కూర్చున్నారు, ఆ నదిని అప్పుడే ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

గృహప్రవేశం భోజనాల్లో ఆయన మళ్లీ కథ అందుకున్నారు. ఈసారి కారు కట్ట ఎక్కిన కథ. గార్డులు విప్పడం, బ్రేకు తుప్పు, రికార్డర్‌లో నా కేకలు, అన్నీ దగ్గరుండి చూసినట్టు చెప్పారు. బాగానే చెప్పారు, బంతంతా చెవులు రిక్కించి వింది. "ఇంతకీ అసలు లోపమేంటండీ?" అని ఎదురుగా కూర్చున్నాయన అడిగాడు.

మా ఆయన పెరుగన్నం కలపడం మొదలుపెట్టారు.

మిగతాది నేను చెప్పాను.