దుప్పటికి కాళ్ల వైపు

మా ఇంట్లో నేను అడిగినదానికి ఇంతవరకు ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు. బట్టల మీద మరకల గురించి అడిగితే మరీను. నవ్వి ఊరుకుంటారు.

ఈ మరకల పని నా నెత్తికెక్కింది సూర్యాపేటలో మా బామ్మర్ది గృహప్రవేశం నాడు. వడ్డించే మనిషి నా తెల్లచొక్కా మీద సాంబారు ఒలకబోశాడు. బామ్మర్ది పక్కనే ఉండి చూశాడు. అయ్యో అనలేదు. "బావా, జర పక్కకు జరుగు, ఫొటో తీస్తున్నరు" అన్నాడు. ఆ ఫొటోలో నేను లేను. ఏళ్లు గడిచినా ఆ సంగతి నేను మరిచిపోలేదు.

మిర్యాలగూడకు తిరిగొచ్చాక పంతం కొద్దీ ఆ చొక్కా నేనే ఉతుక్కున్నాను. సబ్బు రుద్దగానే మరక ఎర్రగా, నెత్తురులా మారింది. చొక్కా బకెట్లో పడేసి కేకేశాను. మా ఆవిడ వచ్చి చూసి, "గంతదానికే భయపడ్డరా? సాంబారుల పసుపు అది. సబ్బు తగిల్తె ఎర్రగైతది, ఎండకేస్తె పోతది" అంది. సాయంత్రానికి నిజంగానే పోయింది.

అప్పటి నుంచి ఇంట్లో మొండి మరకలన్నీ నావే. నేను పనిచేసిన రైస్ మిల్లులో అంటుకునే గ్రీజుకు ముందు కిరసనాయిలు, తర్వాత సబ్బు. తుప్పు మరకకు నిమ్మకాయ, ఉప్పు. నెత్తురుకు చన్నీళ్లే. వేడినీళ్లు పోస్తే అది బట్టను వదలదు. ఇవన్నీ నేర్చుకున్నందుకు నాకు దక్కిన మెప్పు, ఇంటికొచ్చిన చుట్టాల ముందు "మా ఆయనకు రిటైరయినంక గిదే కొలువు" అన్న వేళాకోళం.

ఈ మధ్య దుప్పటికి కాళ్ల వైపు పసుపు కనిపించింది. శుక్రవారం ఆవిడ కాళ్లకు పసుపు రాసుకుంటుంది కాబట్టి నేను పట్టించుకోలేదు. ఉతికి ఎండకు వేశాను. పోయింది. కొన్నాళ్లకు మళ్లీ పడింది. ఈసారి ఒక్కచోటే, ఆవిడ కుడికాలు ఆనే చోట, ముద్దగా అంటింది. శుక్రవారం పసుపైతే రెండు కాళ్ల గుర్తూ ఉండాలి కదా. పైగా అది మంగళవారం.

"మంగళారం పసుపేంది?" అన్నాను.

"రాసుకోబుద్దయింది, రాసుకున్న. దానిక్కూడ మీ పర్మిషన్ కావాల్నా?"

నవ్వుతూనే అంది. కానీ అంటూ చీర కుచ్చిళ్లు పాదం మీదికి లాక్కుంది.

ఆవిడకు షుగరు. కోదాడలో ఉండే వాళ్ల అక్కకూ షుగరే. ఆ వదిన చెప్పు కరిచిన పుండుకు పసుపు, వేపాకు నూరి కట్టుకుంది. నొప్పి లేదు కదా, అదే మానుతుందిలే అనుకుంది. షుగరు మనిషికి కాలి నొప్పి తెలియదని డాక్టర్ చెప్పేసరికి ఆమె పాదం తీసేయాల్సి వచ్చింది. అప్పుడూ నాకు ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ అయ్యాక, ఊళ్లో అందరికీ తెలిశాక, నాకు ఫోన్ వచ్చింది.

అందుకే వదినకు ఫోన్ చేశాను. "దాని కాలికేమైంది వదినా?"

"నన్నడుగుతావేంటి మరిదీ? దాన్నే అడుగు."

"అంటే ఏదో ఉన్నట్టేనా?"

"పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోతాయి" అని పెట్టేసింది. కుర్చీ దిగలేని మనిషికి పాల తొందరేమిటి? అక్కకు చెప్పుకుంది, నాకు చెప్పలేదు.

దండెం దగ్గరికి వెళ్లాను. మంగళవారం నాటి దుప్పటిని ఎప్పటిలాగే ఉతికి ఎండకు వేసి ఉంచాను. పసుపంతా పోయింది. అది పోయాక, దాని నడుమ ఇంకో మరక బయటపడింది. గోధుమరంగు, గుండ్రంగా, అంచు గట్టిపడి ఉంది. వేలితో తడిమి వెంటనే తీసేశాను. ఇది పసుపు కాదు. సబ్బుకు ఎర్రబడలేదు, ఎండకు పోలేదు. ఆవిడ చెప్పిన లెక్క ప్రకారమే ఇది పసుపు కాదు.

చన్నీళ్ల బకెట్ పక్కనే ఉంది. ఉప్పు వేసి నానబెట్టి ఉంటే ఇదీ వదిలేదేమో. నానబెట్టలేదు. దుప్పటి తీసుకుని, గేటు దగ్గర ఆటోను ఆపించి లోపలికొచ్చాను.

ఆవిడ బియ్యం ఏరుతోంది. కుడికాలు చీర కింద మడిచి ఉంది.

"ఇంకా పోలేదా ఆ మరక?" అంది, చేటలోంచి తలెత్తకుండా.

"నేనే పోనియ్యలే."

దుప్పటి ఆవిడ ముందు పరిచి, ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ వేళ్లు బియ్యంలో ఆగిపోయాయి.

"మీ అక్క ముచ్చట నాకు అంతా అయినంక చెప్పిన్రు. ఈసారి గట్ల కాదు. ఆటో బయట ఉన్నది, దవాఖానకు పోదాం. నువ్వు చెప్పేదాక నేను గీడికెళ్లి లేవ. చీర పక్కకు జరుపు. ఆ కాలికేమైంది, చెప్పు."