వాలుగ చేప దవడ

ఆరేళ్లుగా ఈ మాట నాలోనే ఉండిపోయింది. ఎవరైనా నన్ను బాగా చదివిన పిల్ల అన్నప్పుడల్లా అదే గుర్తొస్తుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పుడు విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రాలన్నీ శాఖా గ్రంథాలయంలోనే. క్లాసులో చెప్పనివి కూడా నాకు తెలుసని గర్వం. ఆ ఏడాది కాలేజీ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. ఒక్కరిని పదిహేను రోజులు అస్సాం పంపుతారట. అక్కడి ఇళ్లలోనే ఉండి వాళ్ల పనులు, పాటలు నేర్చుకోవచ్చు. మన ప్రాంతపు కళ గురించి ఎవరు బాగా మాట్లాడితే వాళ్లకే అవకాశం.

నా స్నేహితురాలు పార్వతి పొందూరు నుంచి రోజూ రైల్లో వచ్చేది. వాళ్లమ్మ నూలు వడుకుతుంది. ఎంపికకు ముందురోజు క్యాంటీన్ మెట్ల మీద అడిగాను, దూదిని ఎలా శుభ్రం చేస్తారని.

"వాలుగ సేప దవడతో దువ్వుతాది మాయమ్మ. ఇన్ని బుక్కులు సదివావు, ఇది తెల్దేటే నీకు? రేపు నేనిదే సెప్తాను, నవ్వకే."

చేప పళ్లతో దూదా? ఇనుప దువ్వెన పనికిరాదా? ఎముక ఎన్నాళ్లు మన్నుతుంది? అడుగుతూనే ఉన్నాను. విసుక్కోకుండా అన్నీ చెప్పింది.

మర్నాడు నన్నే ముందు పిలిచారు. రామతీర్థం బౌద్ధ శిథిలాల గురించి చదివినదంతా మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్న ముగ్గురిలో ఒకాయన గడియారం చూసుకున్నారు. అంతే, చేప దవడ సంగతి నా నోట్లోంచి వచ్చేసింది. ముగ్గురూ తలెత్తారు. ఎలా తెలిసిందని అడిగితే, లైబ్రరీ పుస్తకంలో చదివానన్నాను. ఎందుకలా అన్నాను? స్నేహితురాలు చెప్పిందంటే నన్ను తక్కువ చేస్తారనా, లేక ఆమెనే పంపిస్తారనా? రెండోదే అనుకుంటాను.

తర్వాత లోపలికి వెళ్లిన పార్వతి తొందరగా బయటికొచ్చింది.

"నీ మాటలే అప్పసెప్తన్నానన్నారే."

నా వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. నేను సంచి తీసుకుని లైబ్రరీ వైపు నడిచాను.

అస్సాం వెళ్లాను. ప్రతిదీ అడిగాను, ప్రతిదీ నోట్సులో రాసుకున్నాను. ఒకరోజు నేనున్న ఇంటావిడ పట్టు వడుకుతూ, మీ వైపు దూది సంగతేమిటని కూతురిచేత హిందీలో అడిగించింది. చెప్పాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. దవడను ఎలా పట్టుకుంటారు, ఏ వైపుకి లాగుతారు, చేత్తో చూపించమంది. చెయ్యి ఎత్తాను. ఎత్తిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నేను ఎన్నడూ చూడలేదు. పార్వతి అయితే కళ్లు మూసుకుని చూపించేది.

రైల్లో గంట కూడా పట్టని పొందూరుకి ఈ ఆరేళ్లలో వెళ్లలేకపోయాను. పార్వతికి క్షమాపణ చెప్పలేదు. ఇది ఆమె కంట పడుతుందో లేదో కూడా తెలియదు. అయినా రాస్తున్నాను: ఆ పుస్తకం లేదు. నాకు చెప్పింది పార్వతి.