బోర్లించిన సొరబుర్ర

ఉపవాసమంటే, వ్యుత్పత్తిని బట్టి, పస్తు కాదు, దగ్గరగా వసించడం. ఉగాండాలో మసాకా దగ్గరి పల్లెలో నాసింబ్వాకు వ్యాకరణం రాదు గాని, ఆ అర్థం బాగా తెలుసు. ఏటా విభూది బుధవారం నాడు ఆమె భర్త లుబోవా అరటికల్లు తాగే సొరబుర్రను గోడ మీది సిలువ కింద బోర్లించేవాడు. ఈస్టరు దాకా నలభై రోజుల తపస్సుకాలమంతా ఇంటిపట్టునే ఉండి, పిల్లల చేత జపమాల చెప్పించేవాడు. ఆమె మీద చెయ్యెత్తేవాడు కాదు.

ఈస్టరు ఉదయం గుడినుంచి రాగానే కేకేశాడు. "నా బుర్రెక్కడే?"

"నిన్నటిదాకా మెడ మీదే ఉందిగా," అని వంటింట్లో గొణుక్కుంది.

కూతురు నాకిటో దగ్గరకొచ్చి, "దాచెయ్యనా అమ్మా?" అంది.

"వద్దే తల్లీ. అప్పుడు నీకూ పడతాయి."

నాసింబ్వా సొరబుర్ర మీది దుమ్ము తుడిచి, తానే తెచ్చి అందించింది. లుబోవా వాకిలి దాటాడు. ఉపవాసం ముగిసింది.