రేవాటకి బొట్టు పెట్టిన రోజు

మండపేట మెయిన్ రోడ్డులో మా పెదనాన్న జోగేశ్వరరావు గారి ఎలక్ట్రికల్ షాపు ఎవరిని అడిగినా చెబుతారు. షాపు వెనకే ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో అడుగుపెడితే, హాల్లో ఓ మూల లావుపాటి పాత టీవీ ముందు పీట వేసుకుని, రెండు చేతులా గేమ్ రిమోట్ పట్టుకుని మా పెద్దమ్మ జగదాంబ కనిపిస్తుంది. "వచ్చావా, కూర్చో. అవతలి రేవుకి చేరాక మాట్లాడతాను" అంటుంది. చేరడం మాత్రం అంత తేలిక కాదు.

అవును, వీడియో గేమే. అరవై దాటిన ఆడమనిషికి ఈ ఆటలేంటని నవ్వొస్తే మీరు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకేం బాధలేదు.

మా చిన్నప్పుడు పెదనాన్న షాపులో ఫ్యాన్లూ మిక్సీలతో పాటు క్యాసెట్లు పెట్టి ఆడే గేమ్ సెట్లు కూడా అమ్మేవారు. కాల్పుల క్యాసెట్లు వచ్చినవి వచ్చినట్టే అయిపోయేవి. ఒక్కటి మాత్రం ఎవరు కొన్నా మర్నాటికల్లా వెనక్కి వచ్చేసేది. దాని మీద అక్షరాలు జపానువో చైనావో ఎవరికీ తెలియదు. తెర మీద ఓ ఏరు, ఓ చిన్న పడవ. ఒడ్డున ఓ ముసలావిడ, మేక, గడ్డిమోపు. సుడులు తప్పించుకుంటూ వాళ్లని దాటించాలి. మేకని గడ్డిమోపు పక్కన పెడితే నడి ఏట్లో తినేస్తుంది. "ఇందులో ఎవర్నీ చంపక్కర్లేదండి, ఇంకేం ఆడతాం?" అని కుర్రాళ్లు పెదనాన్నతో గొడవపడేవారు. ఎవర్నీ చంపక్కర్లేదన్న ఆ మాటకే పెద్దమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. క్యాసెట్ ఇంట్లోకి తెచ్చుకుని, దానికి రేవాట అని పేరు పెట్టుకుంది.

తర్వాత అలాంటివే మరికొన్ని చేరాయి, అన్నీ జనం వద్దన్నవే. గోడౌన్‌లో బస్తాలు తోసి వరసగా పేర్చే బస్తాలాట ఒకటి. మొదట్లో నాకూ విసుగొచ్చేది. పెద్దమ్మ పక్కన కూర్చుని నాలుగుసార్లు మునిగాక తెలిసింది, రేవాటలో తొందరపడితే పని జరగదు, ఏటి వాలు చూసి వదలాలి. గొప్ప పాత ఆటలంటూ ఇంటర్నెట్‌లో ఎవరెవరో రాసినవన్నీ వెతికాను. రేవాట ఎక్కడా లేదు. అది వాళ్ల ఖర్మ.

ఫోన్లో ఆడుకోమని ఓసారి కొడుకు ఉదయభాస్కర్ కొత్త గేమ్ ఏదో ఎక్కించి ఇచ్చాడు. కాసేపు ఆడి ఫోను తిరిగిచ్చేసింది. "నా పడవ నడి ఏట్లో ఉండగా ఆపేసి బనియన్ల ప్రకటన చూడమంటాడేంట్రా? వాడెవడు నన్ను ఆపడానికి?" అంది.

చిక్కు ఈ దసరాకి వచ్చింది. మొన్న వేసవిలోనే ఉదయభాస్కర్ పెళ్లయింది. కోడలు హేమశ్రీది కాకినాడ. వాళ్ల నాన్న లోకనాథ్ గారూ, తల్లీ పండగకి వచ్చి రెండు రోజులుంటామని కబురు చేశారు. ఇంకేం, మావాడికి ఇల్లంతా కొత్తగా కనిపించాలి.

"అమ్మా, మామయ్యగారు వాళ్లు వచ్చేసరికి హాల్లో ఆ డబ్బా టీవీ ఉంటే నా పరువు పోతుంది. దశమి పొద్దున్న తాతాజీని రమ్మన్నాను, పాత సామాన్లు పట్టుకెళ్తాడు. అందాకా గుడ్డ కప్పుదాం" అన్నాడు.

ఆ పాత గేమ్ సెట్టు కొత్త టీవీకి అతకదు. టీవీ పోతే రేవాట పోయినట్టే. అది వాడికీ తెలుసు, షాపు నడిపేవాడికి తెలియకేం? పెద్దమ్మ ఒక్కసారి వాడి మొహంలోకి చూసి లోపలికి వెళ్లిపోయింది. నాకైతే ఒళ్లు మండిపోయింది.

నవమి పొద్దున్న ఆయుధ పూజకి నేనూ వెళ్లాను. పీట మీద షాపు స్క్రూడ్రైవర్లూ, టెస్టర్లూ, బిల్లింగ్ కంప్యూటరూ, బండి తాళాలూ పెట్టారు. వియ్యాలవారు పట్టుబట్టల్లో కూర్చున్నారు. పెదనాన్న అగరువత్తి వెలిగించబోతుంటే పెద్దమ్మ వచ్చి, వైర్లతో సహా గేమ్ సెట్టు తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టింది.

"అదేంటమ్మా? ఆయుధ పూజంటే పనిముట్లకి. ఆటబొమ్మలకి కాదు" అన్నాడు ఉదయభాస్కర్.

"అయితే నా పనిముట్టేదో నువ్వే చెప్పరా."

"నీదా? గరిటె!"

అందరూ నవ్వారు. లోకనాథ్ గారు కూడా నవ్వారు. వాడు వెటకారానికి అనలేదు. మనసారా నమ్మి అన్నాడు, అందుకే నాకు మరీ మంటెత్తింది. పెద్దమ్మ సెట్టు తీసుకుని పక్కన పెట్టి, "సరే, నువ్వన్నట్టే" అని వంటింట్లోకి వెళ్లింది.

గరిటెలు తెచ్చింది. బాగుందన్నట్టు వియ్యపురాలు తలూపింది. తర్వాత చిల్లుల గరిటె, అట్లకాడ, బాండీ, కుక్కరు తెచ్చింది. మిక్సీ తెచ్చింది. చివరికి గ్యాసు పొయ్యి ట్యూబు ఊడదీసి, చంకన పెట్టుకుని తెచ్చి పీట మీద కూర్చోబెట్టింది. అన్నిటికీ వరసగా పసుపు రాసి కుంకుమ పెట్టింది. దేన్నీ వదల్లేదు.

"పూర్తయిందండి. హారతివ్వండి" అంది పెదనాన్నతో.

ఆయన హారతిచ్చారు. ఇచ్చేశాకే మావాడికి వెలిగింది. పూజలో పెట్టిన వస్తువుని మర్నాడు పొద్దున్న కదిపేదాకా ముట్టుకోకూడదు, అది ఆ ఇంటి ఆనవాయితీ. వంటింట్లో గారెల పిండి రుబ్బి ఉంది. బూరెలకి పూర్ణం ఉండలు చేసి ఉన్నాయి. వేయించడానికి పొయ్యి లేదు, బాండీ లేదు.

"అమ్మా, మామయ్యగారికి భోజనం..."

"నా ఆయుధాలురా. పూజలో ఉన్నాయి."

"నాన్నా, మీరైనా చెప్పండి!"

పెదనాన్న చేతికంటిన అక్షింతలు దులుపుకుంటూ, "నేను చెప్పేదేముందిరా? మా నాన్నగారి కాలంలో లారీ లోడుతో నిలబడిపోయినా స్పానర్ ముట్టుకోనిచ్చేవారు కాదు" అన్నారు. ఆయన మీసం కింద నవ్వు నాకు కనబడింది.

ఉదయభాస్కర్ గొంతు తగ్గించాడు. "సరేనమ్మా. నీ గేమే పెట్టుకో. పొయ్యి ఇచ్చెయ్యి."

"గేమూ పెడతాను. బొట్టు పెట్టినవి మాత్రం కదపను. ఇంతమందికి వండిపెట్టడమే నా ఆయుధమన్నావు, ఒక్కరోజు దాన్ని కూర్చోనివ్వు."

అప్పుడు లేచింది హేమశ్రీ. "టీవీ లేకపోతే గేమ్ ఎలా ఆడతారు అత్తయ్యగారూ? అదీ పెట్టాలి కదా" అని నా వైపు చూసింది. ఇద్దరం ఆ బరువు మోసుకొచ్చి పీట పక్కన దించాం. గేమ్ సెట్టుకి పెద్దమ్మ బొట్టు పెడితే, టీవీ నుదుటన హేమశ్రీ పెట్టింది. వాళ్ల నాన్న నవ్వాలో మానాలో తెలియక కండువా సర్దుకున్నారు. ఆ పూట వియ్యాలవారికి హోటల్ సాంబారూ, పొట్లాల్లో కట్టిన అన్నమూ. ఎవరూ పస్తు పడుకోలేదు.

దశమి పొద్దున్న పెదనాన్న పీట కదిపి, "ఇక వాడుకోవచ్చు" అన్నారు. అంతలోనే తాతాజీ తోపుడు బండితో గుమ్మంలోకి వచ్చాడు. టీవీని చూసి, దాని బొట్టు చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"పూజ చేసిన సామాను నేను తూకం వెయ్యనండి. నాకు అచ్చిరాదు" అని బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

అందరూ కాఫీ కోసం కూర్చున్నారు. వియ్యంకుడు గారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. పెద్దమ్మ పొయ్యినీ గరిటెల్నీ దాటుకుంటూ వెళ్లి, టీవీ వైర్లు తగిలించి, పీట వాల్చుకుని కూర్చుంది. ముసలావిడ, మేక, పడవ తెర మీదికి వచ్చాయి. ఆఖరికి మావాడే పొయ్యి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లాడు. లోపల గిన్నెలు కిందపడ్డ చప్పుడైంది.

"అమ్మా, డికాషన్‌కి పొడి ఎంత వెయ్యాలి?" అని కేక వేశాడు.

పెద్దమ్మ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"నడి ఏట్లో ఉన్నాను. నువ్వే చూసుకో."