చిన్నరసాల కింద క్యాసెట్

మా ఇంటి అద్దాల బీరువాలో ఒక క్యాసెట్ ఉంది. దాన్ని చూసిన పూట నాకు ముద్ద దిగదు. ఇన్నేళ్ళూ మోశాను, ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా ఆయన పాత కంప్యూటర్ ఆటలు పోగుచేస్తారు. ఎనభైల్లో టీవీకి తగిలించి ఆడినవి, టేపు క్యాసెట్ల మీద వచ్చినవి. అట్టపెట్టె నలక్కుండా ఉంటే ఒక ధర, లోపలి కాగితం పోతే ఇంకో ధర. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు ఆదివారాలు ఇంటికొస్తారు. అన్నీ చూశాక, మరకలున్న ఆ ఒక్క క్యాసెట్ దగ్గర ఆగి, ఇదెంత చేస్తుందండీ అంటారు. దీనికి ధర లేదండీ, నేను రాసిన ఆట, మా పనిమనిషి నాశనం చేసింది అంటారు ఈయన. నేను కాఫీ అందిస్తూ వింటాను.

పనిమనిషి కాదు. నేను.

అప్పటికి ఈయన నాకు బావ. నూజివీడులో మావయ్యది మామిడికాయల వ్యాపారం. హైస్కూలు చదువుకని నన్ను వాళ్ళింట్లో ఉంచారు. సింగపూర్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన కంప్యూటర్‌తో బావ వేసవంతా కుస్తీ పట్టి ఒక ఆట రాశాడు. పైనుంచి కాయలు రాలుతుంటాయి, చిక్కంతో పట్టుకోవాలి. కోతులు అడ్డొస్తాయి. ఆ కోతుల్ని పెట్టమన్నది నేనే. తీరా ఆట తయారయ్యాక స్నేహితులందర్నీ పిలిచి ఆడించాడు. నన్ను మాత్రం, నువ్వు తర్వాతలేవే అన్నాడు. ఆ ‘తర్వాత’ రానేలేదు. నాకు ఒళ్ళు మండింది.

కాయలు మగ్గబెట్టే గదిలో, వరిగడ్డిలో, ఇంటి పిల్లలకి తలా ఒక మూల ఉండేది. ఎవరి మూల వాళ్ళదే, పెద్దవాళ్ళు కూడా చెయ్యి పెట్టరు. క్యాసెట్ తీసుకెళ్ళి నా మూలలో చిన్నరసాల కింద దూర్చాను. కాస్త ఏడిపించి ఇచ్చేద్దామనుకున్నాను. నిజంగా అంతేనా? గడ్డిలో ఎంత వేడి పుడుతుందో, మగ్గిన రసం ఎలా చిట్లుతుందో తెలియని పిల్లనా నేను?

అన్ని మూలలా గడ్డి తిరగేసి మగ్గిన కాయలు ఏరే పనిమనిషి వెంకమ్మ ఒకరోజు దాన్ని కొంగుతో తుడుస్తూ పట్టుకొచ్చి, బావ చేతికిచ్చింది. లోపలంతా రసం. టేప్‌రికార్డర్‌లో పెడితే చుట్టుకుని తెగింది. ఇంకో కాపీ లేదు. బావ బోరున ఏడ్చాడు.

"ఎక్కడ దొరికింది?" అంది అత్తయ్య.

"గడ్డిలోనండీ."

"గడ్డిలో ఎక్కడ?"

వెంకమ్మ నా వంక చూసింది. ఏ మూల ఎవరిదో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు. నేను తల దించుకున్నాను.

"గుర్తులేదండీ."

"దొంగిలించి దాచి, పాడయ్యాక తెచ్చిస్తావా? ఇంక మా గుమ్మం తొక్కకు."

నేను నోరు విప్పితే నన్ను మా ఊరు పంపించేసేవాళ్ళు, చదువు ఆగిపోయేది. అదీ నా భయం. కానీ వెంకమ్మ గుమ్మం దిగుతుంటే హమ్మయ్య అని కూడా అనిపించింది చూశారా, ఆ మాట చెప్పుకోవడానికే నాకు ఎక్కువ సిగ్గు. ఊళ్ళో మిగతా షావుకార్లూ ఆవిడని పనికి పిలవడం మానేశారు. చాట్రాయి వైపు తోటల్లో కూలికి పోతోందని విన్నాను. ఆ పైన కనుక్కోలేదు.

ఆవిడ ఎందుకు చెప్పలేదు? పరాయి పంచన ఉన్న పిల్లనని జాలిపడిందా? లేక నేనే చెబుతానని ఎదురుచూసిందా? రెండోది తలుచుకుంటే నిద్ర పట్టదు.

మొన్న వచ్చినాయనకి ఈయన వెంకమ్మ పేరు పెట్టి మరీ చెప్పారు. ఇలాంటి కథ ఉంటేనే వస్తువుకి విలువండీ అంటూ ఆ వచ్చినాయన తన ఫోన్లో రాసుకున్నాడు. ఆయన వెళ్ళాక ఈయనతో చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంకాస్త కాఫీ కావాలా అని అడిగాను.

మీకు చెప్పినందువల్ల వెంకమ్మకి ఒరిగేదేమీ లేదు, నాకు తెలుసు. నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అదైనా నాకు దక్కాల్సిందో కాదో. గడ్డిలో ఎక్కడ అని అడిగావు కదా అత్తయ్యా. నా మూలలో.